8–12 ఏళ్ల పిల్లలకు దయ్యాల కథల పుస్తకం ఎంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మూడో తరగతి నుంచి ఏడో తరగతి దాకా పిల్లలున్న ఇళ్లలో, బళ్లలో ఈ సందేహాలు తిరిగి తిరిగి వస్తుంటాయి. నల్లగొండ, పాలమూరు వైపు తల్లిదండ్రులు, టీచర్లు అడిగే మాటల్లోనే ప్రశ్నలు పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## ఇచ్చే ముందు

మా బాబు మూడో తరగతి. దయ్యాల కథలు ఇప్పుడే ఇయ్యొచ్చా?

ఇవ్వొచ్చు, కథ ఏ రకందో చూసుకుని. ఎనిమిది, తొమ్మిదేళ్ల వాళ్లకు నవ్వుతో తేలిపోయే భయం సరిపోతుంది. దయ్యమే పిల్లవాణ్ణి చూసి జడుసుకోవడం, అటక మీది చప్పుడు చివరికి పిల్లిదని తేలడం, బ్రహ్మరాక్షసుణ్ణి ఓ గడుసు పిల్ల మాటలతో బోల్తా కొట్టించడం లాంటివి. 32 నుంచి 64 పేజీలు, పెద్ద అక్షరాలు, రెండు పేజీలకో బొమ్మ ఉన్న పుస్తకం చూడండి.

పది, పదకొండేళ్లకు కథలో నిజం దయ్యమే ఉండొచ్చు. అయితే దాన్ని ఎదుర్కొనేది, గెలిచేది కథలోని పిల్లలే కావాలి. 80 నుంచి 150 పేజీల దాకా చదువుతారు. పన్నెండు దగ్గర పడ్డాక దయ్యం మీద జాలి పుట్టే కథలు, అది ఉన్నదో లేదో తేల్చకుండా ముగిసే కథలు రుచిస్తాయి. తరగతిని బట్టి కన్నా పిల్లను బట్టి నడవండి. కరెంటు పోయినప్పుడు పక్క గదిలోకి ఒంటరిగా వెళ్లలేని ఆరో తరగతి పిల్లకు మూడో తరగతి రకం కథే నచ్చితే అదే ఇవ్వండి.

ఇసొంటి పుస్తకాలు చదివితె పిల్లల మనసు ఖరాబు కాదా?

పుస్తకంలోని భయం పిల్లల చేతిలో ఉంటుంది. ఎక్కువైతే మూసేస్తారు, పేజీలు దాటేస్తారు, ముందు చివరి పేజీ చూసి ధైర్యం తెచ్చుకుని మళ్లీ వెనక్కి వస్తారు. తమంతట తాము భయంలోకి వెళ్లి బయటికి రావడం వాళ్లకు గర్వంగా ఉంటుంది, అందుకే ఒకే కథను పదిసార్లు అడుగుతారు. చెడు జరిగేది రెండు సందర్భాల్లో: వయసుకు మించిన పుస్తకం చేతికొచ్చినప్పుడు, వద్దంటున్నా బలవంతంగా చదివించినప్పుడు. ఇంట్లో ఇటీవల ఎవరైనా చనిపోయి ఉంటే మాత్రం కొన్ని నెలలు ఈ రకం పక్కన పెట్టండి. పోయిన తాత దయ్యమై వస్తాడా అన్న దిగులు కథ వల్ల మొదలవ్వకూడదు.

ఫోన్ల దయ్యం వీడియోలు ఎట్లాగూ చూస్తనే ఉంటడు. ఇంక పుస్తకమెందుకు?

వీడియోలో ముఖం ఎంత భయంకరంగా ఉండాలో తీసినవాడు నిర్ణయిస్తాడు, ఉన్నట్టుండి పెద్ద శబ్దం పెట్టి ఉలిక్కిపడేలా చేస్తాడు. అవి చాలామటుకు పెద్దవాళ్ల కోసం తీసినవే. పుస్తకంలో దయ్యం ముఖాన్ని పిల్లవాడే ఊహించుకుంటాడు, తాను తట్టుకోగలిగినంత మేరకే ఊహించుకుంటాడు. వీడియోలు మరిగినవాడికి మొదట ఇచ్చే కథ పొట్టిగా, ఐదారు పేజీల్లో అయిపోయేలా ఉండాలి. 150 పేజీలది ఇస్తే మూడో పేజీలోనే పెట్టేస్తాడు.

మా అత్తమ్మ కొరివి దయ్యం కథలు మస్తు చెప్తది. అవి చాలవా?

అవి చాలా విలువైనవి, మాననివ్వకండి. చెప్పేవాళ్లు పిల్ల ముఖం చూస్తూ చెబుతారు, కళ్లు పెద్దవైతే గొంతు తగ్గిస్తారు, ఏడుపు ముఖం పెడితే దయ్యాన్ని తరిమేస్తారు. ఏ పుస్తకమూ ఆ పని చెయ్యలేదు.

ఒక్క జాగ్రత్త ఉంది. "మన చెరువు కట్ట మీదనే, మీ తాత కండ్లార చూసిండు" అని చెబితే, మర్నాడు ఆ కట్ట మీదుగానే బడికి పోవలసిన పిల్లకు కథ అక్కడితో ముగియదు. చిన్నవాళ్లకు చెప్పేటప్పుడు "అనగనగా ఒక ఊళ్లె" అని ఊరిని దూరం జరపమని అత్తమ్మను అడగండి. రాత్రి పొలాల్లో కదిలే వెలుగు గురించి పిల్ల అడిగితే, మోటరు వెయ్యడానికి పోయే రైతు చేతిలో బ్యాటరీ లైటు దూరం నుంచి ఎలా కనిపిస్తుందో ఒక సాయంత్రం మిద్దె ఎక్కి చూపించండి. ఆ తర్వాత కూడా కొరివి దయ్యం కథ అడుగుతుంది, ఈసారి హాయిగా వింటుంది.

అన్నం తినకపోతే బూచోడికి పట్టిస్తమని అంటం. దానికీ, పుస్తకానికీ ఏం తేడా?

చాలా తేడా ఉంది. బెదిరింపులో పిల్లకు తప్పించుకునే దారి లేదు, పైగా కాపాడవలసిన అమ్మే బూచోడి పక్కన నిలబడుతుంది. ఈ బెదిరింపులు నడిచే ఇంట్లో దయ్యాల పుస్తకం సరదాగా ఉండదు. ముందు అది మానేసి, కొన్ని వారాలు గడిచాక పుస్తకం తెండి.

మా ఇంట్ల దయ్యాలు, జిన్నుల మాట ఎత్తం. మా మతం ఒప్పుకోదు. అయినా పాప అడుగుతుంది.

అంతుచిక్కని రహస్యాన్ని పిల్లలే ఛేదించే కథలు ఇవ్వండి. పాడుబడ్డ ఇల్లు, రాత్రి వెలిగే దీపం, మాయమైన తాళంచెవి అన్నీ ఉంటాయి, చివరికి ప్రతిదానికీ మామూలు కారణం తేలుతుంది. పాపకు కావలసిన గుండెదడ ఇందులోనూ దొరుకుతుంది.

## పుస్తకం చేతికి తీసుకున్నాక

దుకాణంల నిలబడి పది నిమిషాలల్ల ఎట్ల తేల్చుకోవాలె?

మొత్తం చదవనక్కర్లేదు. నాలుగు చోట్ల తెరవండి.

మొదటి రెండు పేజీలు చదివితే భాష, వేగం తెలుస్తాయి. తర్వాత సరిగ్గా మధ్యకు తిప్పి, పిల్లల పక్కన ఇంకెవరున్నారో చూడండి. స్నేహితుడో, అక్కో, ఓ కుక్కపిల్లో తోడుంటే చిన్నవాళ్లు తట్టుకుంటారు, ఒంటరి నాయకుడు పెద్ద పిల్లలకు బాగుంటాడు. మూడోది ముఖ్యం: పుస్తకంలో ముప్పావు వంతు దగ్గర తెరవండి. భయం తారస్థాయికి చేరేది సాధారణంగా అక్కడే. ఎవరికి దెబ్బ తగులుతోంది, రక్తం వర్ణించారా, తల్లిదండ్రులు చనిపోతున్నారా, మూగజీవాన్ని హింసిస్తున్నారా, ఆత్మహత్య ప్రస్తావన ఉందా అని వెతకండి. ఆఖరున చివరి రెండు పేజీలు. తొమ్మిదేళ్లలోపు వాళ్లకు పిల్లలు ఇంటికి చేరి, తలుపు వేసుకుని, అన్నం తినే ముగింపు కావాలి. "అప్పుడే కిటికీ మళ్లీ కిర్రుమంది" అని ముగిస్తే పెద్దవాళ్లకు మజా, చిన్నవాళ్లకు జాగారం.

భాష స్థాయికి ఇంకో పరీక్ష ఉంది. ఒక పేజీ పిల్లతో పైకి చదివించి, తడబడ్డ ప్రతి పదానికీ ఒక వేలు ముడవమనండి. మామూలు పుస్తకానికి నాలుగు వేళ్ల వరకు పర్వాలేదు. భయం కథకు మాత్రం రెండు వేళ్లు దాటకుండా చూడండి. పదం కూడబలుక్కుంటూ ఆగినచోట ఉత్కంఠ చచ్చిపోతుంది.

అట్ట మీద పుర్రె ఉన్నది. లోపల గూడ అట్లనే ఉంటదా?

ఉండకపోవచ్చు. అట్ట అమ్మకం కోసం వేసింది. లోపలి బొమ్మలు ఒక్కొక్కటీ చూడండి, చదివిన వాక్యం కన్నా చూసిన బొమ్మ చాలాకాలం వదలదు. పేజీ నిండా సూటిగా మనవైపు చూసే ముఖం ఉంటే పదేళ్లలోపు వాళ్లకు వద్దు. నీడ, వీపు, సగం తెరిచిన తలుపు గీసిన బొమ్మలు మేలు.

భేతాళ కథలు ఏ వయసుకు? పాత సంకలనాలు కొనొచ్చా?

చట్రంలో శ్మశానం, చెట్టు, శవం ఉన్నా భేతాళ కథల అసలు బలం చివరి ప్రశ్నలో ఉంది. శవంలోని భేతాళుడు ఒక చిక్కు ప్రశ్న అడుగుతాడు, తెలిసీ చెప్పకపోతే రాజు తల పగిలిపోతుంది, చెబితే మౌనం చెడి భేతాళుడు మళ్లీ చెట్టెక్కుతాడు. పిల్లలు భయం మరిచిపోయి జవాబు కోసం వాదించుకుంటారు. అందుకే 1947 జూలైలో మొదలైన చందమామ ఈ చట్రంలో కొత్త కొత్త కథలు ఏళ్ల తరబడి వేస్తూ పోయింది. ఆ పత్రికలో వచ్చినవి పిల్లలను దృష్టిలో పెట్టుకుని రాసినవి, తొమ్మిదేళ్ల నుంచి బాగా పనికొస్తాయి.

మూలంలోని 25 కథల సంగతి వేరు. 11వ శతాబ్దంలో సోమదేవుడు కథాసరిత్సాగరంలో చేర్చిన ఆ కథలు పెద్దవాళ్లవి. అమ్మవారి గుడిలో భర్త, అతని తర్వాత బావమరిది తమ తలలు తామే నరుక్కుంటే, వాళ్లను బతికించే తొందరలో భార్య ఒకరి తల ఇంకొకరి మొండేనికి అతికించే కథ అందులోదే. వ్యభిచారం, ఆత్మహత్య ఉన్న కథలూ ఉన్నాయి. "సంపూర్ణ భేతాళ కథలు" అని లావుగా కనిపించే సంకలనం పిల్లల బీరువాలో పెట్టే ముందు మీరు పూర్తిగా చదవాలి. కామినీ పిశాచాల కథలున్న పాత సంకలనాలకూ ఇదే మాట.

మంత్రగత్తె, చేతబడి, బాణామతి ఉన్న కథలు ఇయ్యొచ్చా?

ఈ ఒక్క విషయంలో గట్టిగా ఉండమని కోరుతున్నాం. మన రాష్ట్రంలో బాణామతి చేస్తున్నారన్న అనుమానంతో మనుషులను కొట్టిన, చంపిన వార్తలు ఇప్పటికీ వస్తున్నాయి. బలయ్యేది ఒంటరివాళ్లు, ముసలివాళ్లు, పేదవాళ్లు. ఊరి చివర ఒంటరిగా ఉండే అవ్వే దుష్ట మంత్రగత్తె అని తేలి, ఊరంతా కర్రలు పట్టుకుని తరిమితే పీడ విరగడైందని ముగిసే కథను పదేళ్ల పిల్ల చదివితే, ఆ పిల్ల కళ్లకు తన వీధి చివరి అవ్వ ఎలా కనిపిస్తుందో ఆలోచించండి. అలాంటి పుస్తకం ఎంత బాగా రాసినా వద్దు.

ఏడు సముద్రాల అవతల మర్రి తొర్రలోని చిలుకలో ప్రాణం దాచుకున్న మాంత్రికుడితో ఈ ఇబ్బంది లేదు. అతను ఎవరి పక్కింట్లోనూ ఉండడు. అనుమానించిన అవ్వ నిర్దోషి అని పిల్లలే కనిపెట్టే కథ దొరికితే వెంటనే తీసుకోండి. నల్లమల చెంచులనో, సంచార కులాలనో క్షుద్రశక్తులున్నవాళ్లుగా చూపే కథలు, మెల్లకన్నునో గూనినో చెడ్డతనానికి గుర్తుగా వాడే కథలు కూడా పక్కన పెట్టండి. తరగతిలో అలాంటి పిల్ల ఒక్కరున్నా ఆ పేరు పెట్టి ఏడిపిస్తారు.

గుప్తనిధుల కథలంటె మావాడు పడి చస్తడు. పర్వాలేదా?

దేవరకొండ, రాచకొండ, గద్వాల కోటలను చూస్తూ పెరిగే పిల్లలకు నిధి కథ మీద మోజు పుట్టడం సహజం. పటం, సొరంగం, చిక్కుముడి ఉన్నవి బాగుంటాయి. నరబలో, జంతుబలో ఇస్తే నిధి కనిపించినట్టు చూపిన కథ మాత్రం వద్దు. ముగ్గు, నిమ్మకాయలు, మంత్రం వివరంగా రాసి అది పనిచేసినట్టు చెబితే పిల్లలు చేసి చూస్తారు.

నిధి దొరికాక కథలో ఏమవుతుందో కూడా చూడండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, భూమిలో దాచిన సొత్తు పది రూపాయల విలువ మించి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. ఈ సంగతి చెబితే పిల్లలకు కథ మీద ఇంకా ఆసక్తి పెరుగుతుంది: మన వీరుడు కలెక్టరు దగ్గరికి పోతాడా, పోడా?

రాత బాగున్నదో లేదో ఎట్ల తెలుస్తది?

ఒకే సన్నివేశం రెండు రకాలుగా రాస్తే ఎలా ఉంటుందో చూడండి.

"ఆ భయంకరమైన గడీలోని భీకరమైన చీకటి గదిలోంచి గుండెలు అదిరిపోయే ఘోరమైన శబ్దం వినిపించింది. సాయి భయంతో గజగజ వణికిపోయాడు."

"గడీలో మూడో గదికి బయటి నుంచి గొళ్లెం పెట్టి ఉంది. లోపల ఎవరో పీట జరిపారు. సాయి గొళ్లెం మీది చెయ్యి తీయలేదు, గొళ్లెం తీయనూ లేదు."

మొదటిది భయపడమని చెబుతోంది. రెండోదాంట్లో పీట చప్పుడు పిల్ల చెవికే వినిపిస్తుంది, బయటి నుంచి గొళ్లెం ఉన్నప్పుడు లోపల ఎవరున్నారన్న ప్రశ్న తనే వేసుకుంటుంది. ఒక పేజీ తెరిచి భయంకరం, భీకరం, ఘోరం, వికటాట్టహాసం లాంటివి లెక్కపెట్టండి. మూడు నాలుగు దాటితే ఆ రచయిత దగ్గర కథ తక్కువ ఉన్నట్టే. శబ్దం, వాసన, చేతికి తగిలే చల్లదనం, చిన్న వస్తువు చోటు మారడం, ఇలాంటివి కనిపిస్తే ధైర్యంగా కొనండి.

ఇంగ్లిషు నుంచి తెలుగు చేసిన పుస్తకం కొంటే మావాడికి భయమే కాలే. ఎందుకు?

ఆ కథల్లో భయం నేలమాళిగలోనో, గుమ్మడికాయ దీపాల పండగలోనో, శిలువలున్న సమాధుల తోటలోనో ఉంటుంది. మన పిల్ల భయపడే చోట్లు వేరు: కూలిన గడీ, దిగుడు బావి, చింతతోపు, హాస్టల్ వెనక బాత్రూములు, కరెంటు పోయిన మేడమెట్లు. చోటు ఊహకందకపోతే భయం పుట్టదు. అనువాదం కొనేటప్పుడు కథ ఇంట్లోనో, బళ్లోనో, అడవిలోనో జరిగేది ఎంచుకోండి.

మాది ఇంగ్లిష్ మీడియం. గూస్‌బంప్స్ అడుగుతున్నడు.

ఆర్.ఎల్. స్టైన్ రాసిన ఈ వరుస 1992లో మొదలైంది, మొదటి విడతలోనే 62 పుస్తకాలొచ్చాయి. 8–12 ఏళ్లవాళ్ల కోసమే రాసినవి. అధ్యాయాలు చిన్నవి, ప్రతిదీ ఉత్కంఠతో ఆగుతుంది, రక్తపాతం తక్కువ. ఇబ్బంది పెట్టేది చివరి పేజీ మెలిక: అంతా సర్దుకుంది అనుకోగానే భయం మళ్లీ తలెత్తుతుంది. అది పడని పిల్ల అయితే చివరి అధ్యాయం మీరు ముందే చదివి చెప్పేయండి. ఇదే రచయిత పేరుతో ఫియర్ స్ట్రీట్ అనే ఇంకో వరుస ఉంది. అది పెద్ద పిల్లలది, హత్యలుంటాయి. అట్ట మీద రచయిత పేరు చూసి తీసుకుంటే అది కూడా సంచిలో పడుతుంది, వరుస పేరు చదవండి.

మన దిక్కు చోట్ల మీద రాసిన కథలైతె మంచిదా?

పదకొండు దాటినవాళ్లకు అంతకన్నా మంచిది లేదు. ఎనిమిదేళ్ల వాళ్లకు ఆ చోటు రోజూ కనబడేది కాకుండా చూడండి.

పాలమూరు పిల్లలమర్రి ఊడల మధ్య నడిచిన పిల్లకు మర్రిచెట్టు కథ వర్ణన లేకుండానే అర్థమవుతుంది. 2018లో దానికి చెదలు పట్టి, సెలైన్ ఎక్కించినట్టు బొట్టుబొట్టుగా మందు ఎక్కించారని చెబితే, ముసలి మర్రిని రోగిలా ఊహించుకుని తానే ఒక కథ అల్లుతుంది. నల్లగొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనక గోడ మీద పగలంతా కదలకుండా నిలిచే నీడ ఇంకో మంచి సామగ్రి. అది స్తంభాల అమరిక వల్ల, వెలుతురు లోపలికి వచ్చే దారుల వల్ల పడే నీడ. ముందు నీడ చూపించి, కారణం పిల్లలనే ఊహించమనండి. తర్వాత ఇంట్లో రెండు దీపాలు, రెండు గ్లాసులు పెట్టి నీడలు వేయించండి. మిస్టరీ కథ ఎలా నడవాలో ఆ ఒక్క పూటలో తెలుస్తుంది.

## ఎక్కడ దొరుకుతాయి

నల్లగొండ, మహబూబ్‌నగర్‌ల పిల్లల పుస్తకాలు ఏడ దొరుకుతయి?

ముందు జిల్లా కేంద్ర గ్రంథాలయానికి వెళ్లండి. పాత పత్రికల బైండు సంపుటాలు ఉంటే పిల్లల బీరువాలో కాకుండా రిఫరెన్సు వైపు పెట్టి ఉండొచ్చు, అడిగితేనే తీస్తారు. కొనడానికైతే సికింద్రాబాదులోని "మంచి పుస్తకం" ప్రచురణ సంస్థ, నేషనల్ బుక్ ట్రస్టు వారి నెహ్రూ బాల పుస్తకాలయం జాబితాలు తెప్పించుకుని చూడండి. శీతాకాలంలో హైదరాబాదు పుస్తక ప్రదర్శనకు పిల్లలను తీసుకెళ్తే వాళ్లే తిరగేసి ఎంచుకుంటారు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఇంగ్లిషు పాత పుస్తకాలు చవక. అక్కడ పేజీలు ఊడిపోలేదో చూసుకోండి, ముఖ్యంగా చివరి అధ్యాయం. దయ్యం కథకు ముగింపు లేకపోతే పిల్లకు నిద్ర పట్టదు.

పైసలు పెట్టకుండ చదివించొచ్చా?

ప్రథమ్ బుక్స్ వారి వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితం, దింపుకొని అచ్చు వేసుకోవచ్చు. నాలుగు స్థాయులు ఉంటాయి. ఈ వయసుకు 3, 4 స్థాయులు చూడండి. ఫోనులో చదివించడం కన్నా రెండు వైపులా అచ్చు తీసి కుట్టి ఇస్తే మేలు.

## చదివేటప్పుడు

ఏ టైముకు చదవనియ్యాలె?

కొత్త పుస్తకం మొదటి అధ్యాయాలు పగలు, నలుగురూ ఉన్నప్పుడు. తట్టుకుంటోందని తెలిశాక రాత్రికి అనుమతించండి. పడుకునే ముందు అరగంట వేరే నవ్వుల కథో, బొమ్మల పుస్తకమో ఉండాలి. ఎండాకాలం సెలవుల్లో మిట్టమధ్యాహ్నం ఈ పుస్తకాలకు చక్కటి సమయం.

నేను సదివి వినిపియ్యాల్నా, వాడే సదువుకోవాల్నా?

మొదటి పుస్తకం మీరు చదవండి, రోజుకు 15–20 నిమిషాలు. గొంతు మార్చి భయపెట్టాలని చూడకండి, మామూలుగా, కాస్త నెమ్మదిగా చదివితే చాలు. తెలుగు చదవడం అంతంత మాత్రమైన ఇంగ్లిష్ మీడియం పిల్లలతో ఒక పేజీ మీరు, ఒక పేజీ వాళ్లు. ఉత్కంఠ ఉన్న పేజీ వాళ్ల వంతుకు వచ్చేలా చూసుకుంటే తడబడుతూనే అయినా వదలకుండా చదువుతారు.

సగంల ఆపేసిండు. పూర్తి చేయించాల్నా?

వద్దు. కథ ఎలా ముగుస్తుందో చెప్పనా అని మాత్రం అడగండి. చాలామంది చెప్పమంటారు, విన్నాక తేలికపడతారు. ఆరు నెలలకు అదే పుస్తకం తీసుకుని తామే పూర్తి చేస్తారు.

అక్క ఆరో తరగతి, తమ్ముడు రెండో తరగతి. ఇద్దరిదీ ఒకటే గది.

అక్క పుస్తకం తమ్ముడికి అందని ఎత్తులో ఉండాలి. చదివిన కథ తమ్ముడికి చెప్పాలంటే పగలు, మీ ముందు చెప్పాలని అక్కతో ఒప్పందం చేసుకోండి.

## భయపడితే

రాత్రి కేకలు పెట్టి లేస్తుంది. పుస్తకం వల్లనేనా?

ఏ సమయంలో లేస్తోందో చూడండి. తెల్లవారుజాము వైపు లేచి, మిమ్మల్ని గుర్తుపట్టి, కల చెప్పి, మళ్లీ పడుకోవడానికి భయపడితే అది పీడకల. పుస్తకంలోని సన్నివేశం కలలోకి వస్తే ఆ పుస్తకం కొన్నాళ్లు ఆపండి. నిద్రపోయిన గంట, మూడు గంటల మధ్యలో కేక పెట్టి లేచి, కళ్లు తెరిచే ఉన్నా మిమ్మల్ని గుర్తుపట్టక, చెమటలు పట్టి, పొద్దున అడిగితే ఏమీ గుర్తులేదంటే అది వేరే. ఈ వయసు పిల్లల్లో కొందరికి గాఢనిద్రలో వస్తుంది. జ్వరం, నిద్ర చాలకపోవడం, బాగా అలసిపోవడం దాన్ని పెంచుతాయి. అప్పుడు ఊపి లేపకండి, నీళ్లు చల్లకండి. మంచం మీంచి పడకుండా పక్కన ఉండండి, కొద్ది నిమిషాల్లో తానే సద్దుమణుగుతుంది.

దీన్ని చూసి గాలి సోకిందని తాయెత్తు కట్టించమంటారు. తాయెత్తు కన్నా పెద్ద నష్టం, "నాకు దయ్యం పట్టింది" అని పిల్ల నమ్మడం. ఆ మాట పిల్ల వినేచోట అననివ్వకండి. తరచూ వస్తున్నా, పగలు కూడా ఒంటరిగా ఉండలేకపోయినా, బడి మానేస్తున్నా పిల్లల డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

"దయ్యాలు నిజంగ ఉన్నయా?" అని అడిగితే ఏం చెప్పాలె?

లేవు, కథల్లో ఉన్నాయి అని సూటిగా చెప్పండి. ఆ తర్వాత "నీకెందుకు అనుమానం వచ్చింది?" అని అడగండి. చాలాసార్లు అసలు కారణం పుస్తకం కాదు, స్నేహితుడు చెప్పిన మాటో, బాత్రూములో ఆగి ఆగి వచ్చే నల్లా చప్పుడో బయటపడుతుంది. చప్పుడైతే లైటు వేసుకుని ఇద్దరూ కలిసి వెళ్లి వెతకండి.

హాస్టల్ల పిల్లలు నాణెం మీద వేలు పెట్టి ఆత్మను పిలుస్తున్నరు. నాణెం నిజంగనే కదులుతుందట.

కదులుతుంది, వాళ్ల వేళ్లే కదుపుతాయి. ఆశించిన దిక్కుకు కండరాలు మనకు తెలియకుండానే కొద్దిగా నెడతాయి, నలుగురి వేళ్లు కలిస్తే అది ఎవరి పనో ఎవరికీ తెలియదు. 1853లో శాస్త్రవేత్త మైకేల్ ఫారడే ఇలాగే ఆత్మల పేరుతో చేతులు ఆనిస్తే కదిలే బల్లలను పరీక్షించాడు. బల్లకూ చేతులకూ మధ్య మెత్తటి జిగురుతో అంటించిన అట్టముక్కల పొరలు పెట్టి, ముందు జరిగేది చేతులేనని చూపించాడు. పిల్లలతో ఇది చేయించండి: కళ్లకు గంతలు కట్టి, అక్షరాల కాగితాన్ని చెప్పకుండా తిప్పి పెట్టండి. "ఆత్మ" అర్థం లేని అక్షరాల మీదికి పోతుంది. తిట్టి కాగితం చింపేస్తే ఆట రహస్యంగా సాగుతుంది.

## బడిలో, గురుకులంలో

గురుకులంల ఐదో తరగతి పిల్లలకు ఇసొంటి పుస్తకాలు ఇయ్యొచ్చా?

ఇవ్వొచ్చు, ఇంటి కన్నా ఒక మెట్టు తేలికవి. ఇల్లు వదిలి వచ్చిన మొదటి నెలల్లో వద్దు. రాత్రి భయమేస్తే పక్కన పడుకోవడానికి అమ్మ లేదు, ఒకరి కేకతో డార్మిటరీ మొత్తం లేస్తుంది. సాయంత్రం ఆటల గంట తర్వాత చదివించి, పుస్తకం లైబ్రరీలోనే ఉంచండి. ఫలానా గదిలో దయ్యం ఉందన్న పుకారు పుట్టిన వారం ఈ పుస్తకాలు తీయకండి, ఆ గదికి కొత్త బల్బు వేయించి పగటి క్లాసు అందులో పెట్టండి.

క్లాసుల 40 మంది ఉంటరు. అందరికీ ఎట్ల చదివి వినిపియ్యాలె?

ముందే చెప్పండి: భయమేసినవాళ్లు చెవులు మూసుకోవచ్చు, వెనక కూర్చుని బొమ్మ వేసుకోవచ్చు, ఎవరూ నవ్వకూడదు. 15 నిమిషాలు చదివి, ప్రశ్న పుట్టిన చోట ఆపండి. భేతాళుడి కథైతే రాజు జవాబుకు ముందు ఆపి, ఒక్కొక్కరి తీర్పు కాగితం మీద రాయించండి, మర్నాడు రాజు జవాబు చదవండి. చివరి పీరియడ్‌లో పెట్టకండి. కథ గురించి మాట్లాడుకోవడానికి సమయం లేకుండానే పిల్లలు ఇంటికి నడవాల్సి వస్తుంది.

లైబ్రరీ బీరువాల ఎట్ల సర్దాలె?

పుస్తకం వెన్ను మీద రంగు చుక్కలు అంటించండి. ఒక చుక్క నవ్వించే దయ్యాలకు, రెండు గెలిచే పిల్లల కథలకు, మూడు ఏడో తరగతివాళ్లకు. తరగతి పేరు రాయకండి, పెద్ద పిల్ల ఒక చుక్క పుస్తకం తీసుకోవడానికి సిగ్గుపడకూడదు. ప్రతి పుస్తకం వెనక లోపలి అట్టకు ఒక కాగితం అంటించి, చదివిన పిల్లలతో రెండు సంగతులు రాయించండి: ఏ పేజీ దగ్గర ఎక్కువ భయమేసింది, చివరికి మంచే జరిగిందా లేదా. తర్వాత తీసుకునే పిల్ల ముందుగా చదివేది ఆ కాగితమే.